వేయి స్తంభాలు, పది నిమిషాలు

ఓరుగల్లు మీద వ్యాసం రాయడానికి ఎంతసేపు పడుతుంది? మన మెరుపు వ్యాసకర్తలనడిగితే, చాయ్ చల్లారేలోపు అంటారు.

ముందు ‘కాకతీయుల కళావైభవం’ అని కొట్టాలి. కింద వేయి స్తంభాల గుడి, 1163, రుద్రదేవుడు. ఆ కింద రామప్ప, 1213, రేచర్ల రుద్రుడు, నీళ్లలో తేలే ఇటుకలు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు రావడంతో పాపం ఇంకో వాక్యం రాయాల్సి వచ్చింది.

ఈ విద్యలో అసలు సుఖం, గుడికి పోనక్కర్లేదు. 2006లో బాగుచేస్తామని వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పారు. మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చి 8న, శివరాత్రి నాడు. ఆ మధ్యకాలమంతా అక్కడ మండపం లేదన్న సంగతి హనుమకొండ చౌరస్తాలో బస్సు దిగిన పసివాడికైనా తెలుసు. మన వ్యాసాల్లో మాత్రం ఒక్క స్తంభమూ కదల్లేదు. వేయికి వేయీ నిటారుగా నిలబడి పద్దెనిమిదేళ్లూ ‘చూపరులను మంత్రముగ్ధులను’ చేస్తూనే ఉన్నాయి. పురావస్తు శాఖ అన్నేళ్లు తంటాలు పడ్డ పని వీళ్లు పది నిమిషాల్లో, క్రేన్ లేకుండా చేసేశారు. టెండరు వీళ్లకే ఇవ్వాల్సింది!

మేడారం జాతరకైతే రెండేళ్లకోసారి తేదీలు మారిస్తే సరి. భక్తుల సంఖ్య కోటి దాటించాలి. ఎవరు లెక్కపెట్టారని అడిగేవాళ్లు ఎలాగూ జంపన్నవాగులో మునిగి ఉంటారు.

సెప్టెంబర్ 9న జయంతి వస్తే కాళోజీ వంతు. ‘ప్రజాకవి’, ‘ధిక్కార స్వరం’, ‘నా గొడవ’, ఒక ఫొటో. అయిపోయింది. జనం మాటను మెచ్చుకుంటూ రాసే ఆ వ్యాసంలో జనం మాట ఒక్కటీ ఉండదు. కాళోజీకి కోపమొస్తే రాసేవాడు. వీళ్ల రాత చదివి మున్సిపాలిటీ వాళ్లకైనా కోపం రాదు.

కాలేజీల సంగతి వేరే చెప్పాలా? 2010లో యూజీసీ అధ్యాపకుల వ్యాసాలకు పాయింట్లు కట్టింది. అప్పటినుంచి ఎన్ని రాశారన్నదే లెక్క, ఎవరు చదివారన్నది లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఫోన్‌లో యంత్రమే రాసిపెడుతోందని లోకమంతా గగ్గోలు. మనవాళ్లు బెదరలేదు. చూడకుండా, నడవకుండా, ఎవరినీ అడగకుండా రాయడంలో యంత్రం వీళ్లకు కొత్తగా నేర్పేదేముంది? ఇదే గడ్డమీద 1922లో ఇనుగుర్తి అనే పల్లెలో వద్దిరాజు సోదరులు అచ్చుయంత్రం పెట్టి, అక్షరం పక్కన అక్షరం పేర్చి ‘తెనుగు’ పత్రిక తెచ్చారు. కాపీ పేస్ట్ తెలియని అమాయకులు!

సంపాదకులకొక విన్నపం. రామప్ప ఉన్న పాలంపేట వరంగల్‌కు సుమారు 70 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి, ఆడవాళ్లకు జీరో టికెట్టే. ఇకమీదట రామప్ప మీద వ్యాసమొస్తే ముందు బస్సు టికెట్ అడగండి. అది లేకపోతే వెయ్యకండి.