అమెరికాలో దిగినవాళ్లకి ఈ సలహాలు ఇవ్వకండి

కొత్తగా అమెరికా వచ్చిన మన పిల్లలకి ముందొచ్చినవాళ్లు ప్రేమకొద్దీ సలహాలు చెబుతారు. వాటిలో కొన్ని శుద్ధ తప్పు.

"కష్టపడితే ఇక్కడ ఎవరైనా పైకొస్తారు, రాలేదంటే బద్ధకమే" అని చెప్పకండి. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచీ అంతే. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో నేటికీ అదే లెక్క. వారానికి 40 గంటల చొప్పున, ఒక్క సెలవు కూడా పెట్టకుండా ఏడాదంతా చేసినా సంపాదించేది 15,080 డాలర్లు. దాంతో ఇల్లు గడుస్తుందా?

ఇంతకన్నా చెడ్డ సలహా ఇల్లు కొనేటప్పుడు వినిపిస్తుంది: "స్కూల్ రేటింగ్ చూసి కొను. మిగతాచోట్ల తల్లిదండ్రులకి చదువు పట్టదు." పట్టకపోవడమేమిటి? శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్-అమెరికన్ల పేట ఉంది. అక్కడ వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల బడి పన్ను కట్టేవారు. అదే నగర ప్రాంతంలోని సంపన్నుల అలామో హైట్స్‌లో 85 సెంట్లే. అయినా 1967-68లో రాష్ట్ర పథకానికి ఇవ్వాల్సిన వాటా పోను, స్థానిక పన్నులోంచి ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థికి మిగిలింది 26 డాలర్లు, అలామో హైట్స్‌లో 333. ఎక్కువ రేటున పన్ను కట్టినవాళ్ల పిల్లలకే తక్కువ దక్కింది, ఇళ్ల విలువ తక్కువ కాబట్టి. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో సుప్రీంకోర్టులో 5-4 తేడాతో ఓడిపోయారు. తర్వాత రాష్ట్రంలో కొంత సర్దుబాటు జరిగింది గానీ, బడిని ఇంటి ధరకి కట్టేసిన పద్ధతి దేశంలో ఇంకా పోలేదు.

ఆ ధరలూ వాటంతటవి పడిపోలేదు. 1930లలో ప్రభుత్వమే మ్యాపులు గీయించి, నల్లజాతివారు, మెక్సికన్లు ఉండే పేటలకి ఎర్ర రంగు వేయించింది. అక్కడ ఇంటికి అప్పు పుట్టడం కష్టమయ్యేది. 1968లో చట్టం ఆ వివక్షను నిషేధించింది. అప్పటికే తాత కొనలేకపోయిన ఇల్లు మనవడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

"మనం ఎవరి సాయం లేకుండా ఎదిగాం" అనీ అనకండి. 1965 వలస చట్టానికి ముందు భారతదేశానికి ఏడాదికి 100 వీసాల కోటా ఉండేది. పౌరహక్కుల పోరాటం సాగిన రోజుల్లోనే ఆ తలుపు తెరుచుకుంది. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ప్రజల డబ్బుతో చదివిన డిగ్రీలతోనే మనలో చాలామంది అందులోంచి లోపలికి వచ్చాం.

సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు దయచేసి స్థానిక ఎన్నికలకి కూడా వెళ్లండి. పేద పేటల బడులకి డబ్బు పెంచుతామన్నవాళ్లకి ఓటెయ్యండి.