కిక్కు మీద నిలబడితే తెలిసేది

మా రోజుల్లో బుల్లెట్‌కి బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేశాక కంప్రెషన్ రాలేదంటే, మేస్త్రి స్పానర్ ముట్టుకునే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసేవాడు. ఇప్పటి కుర్రాళ్లు ప్లగ్గు ఊడదీసి గేజు బిగిస్తారు, రెండు కిక్కులు కొడతారు, ముల్లు లేవలేదని "ఇంజన్ విప్పాల్సిందే బాబాయ్" అంటారు. నిన్న ఎక్కించిన ఇంజనేరా అది! తలనొప్పికి తలకాయ తీయించుకుంటామన్నట్టుంది వీళ్ల వరస.

ముందు ఆ గేజు సంగతే చూద్దాం. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోకుండా కిక్కు కొడితే సిలిండర్‌లోకి గాలి ఎక్కణ్ణించి వస్తుంది? కార్బొరేటర్ దారి మూసిపెట్టి ముల్లుని తిట్టి లాభం లేదు. 2009లో వచ్చిన క్లాసిక్ లాంటి బళ్లలో ఇంకో తిరకాసుంది. స్టార్టింగ్ సులువుగా అవాలని క్యామ్ మీదే ఆటోమేటిక్ డీకంప్రెసర్ పెట్టారు. అది కొంత గాలి వదిలేస్తుంది కాబట్టి గేజు తక్కువే చూపిస్తుంది. ఆ సంగతి తెలియక లక్షణమైన ఇంజన్లని కూడా విప్పేస్తున్నారు.

పాత కాస్టైరన్ ఇంజన్‌కి గేజే అక్కర్లేదు. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. పిస్టన్‌ని కంప్రెషన్ మీదికి తెచ్చి కిక్ రాడ్ మీద ఒంటి బరువంతా వేసి నిలబడాలి. ఇంజన్ బాగుంటే మనిషిని కాసేపు మోసి, మెల్లగా దిగుతుంది. కాలు జారినట్టు దిగిపోతే అప్పుడు చెవి పెట్టాలి. బుస్సుమని కార్బొరేటర్‌లోంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, బ్రీదర్ పైపులోంచి వస్తే రింగులు. హెడ్ జాయింటు చుట్టూ సబ్బునీళ్లు రాస్తే గాస్కెట్ సంగతి బుడగలే చెబుతాయి. షాపు నిండా పాటలు పెట్టుకుంటే ఈ బుస్సు ఎవరికి వినబడుతుంది?

తర్వాత డీకంప్రెసర్ కేబుల్. హ్యాండిల్ మీది లివర్‌కి కొంచెమైనా ప్లే లేకపోతే, హెడ్‌లో ఆ చిన్న వాల్వు తెరుచుకునే ఉంటుంది. కేబుల్ వదులు చేస్తే అయిపోయే పనికి సిలిండర్ ఊడదీసిన వీరుల్ని నా కళ్లతో చూశాను.

అక్కడా తేలకపోతే టాపెట్ మూత తియ్యాలి. ఇంజన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ మీద పైనుండాలి. అప్పుడు రెండు పుష్‌రాడ్లూ వేళ్ల మధ్య సాఫీగా గిర్రున తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇదే మా కొలత. తిరగకుండా బిగుసుకున్నాయంటే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోలేదన్నమాట. వాల్వు గ్రైండింగ్ చేయించిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి. సీటు అరిగి వాల్వు లోపలికి దిగిన కొద్దీ దాని కాడ పైకి లేస్తుంది, ఉన్న సందు కాస్తా పోతుంది.

ఆ గ్రైండింగైనా సవ్యంగా చేస్తున్నారా? రబ్బరు కప్పు కర్రని రెండు అరచేతుల మధ్య పెట్టి అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య వాల్వు లేపి చోటు మారుస్తూ, సీటు చుట్టూ తెగని బూడిదరంగు గీత పడేదాకా రుద్దేవాళ్లం. ఆపైన పోర్టులో కిరసనాయిలు పోసి వాల్వు అంచు తడుస్తుందేమో చూసేవాళ్లం. ఇప్పుడు వాల్వు కాడకి డ్రిల్లింగ్ మెషీన్ తగిలించి బర్రుమనిపిస్తారు, పనైపోయిందంటారు!

వాల్వులా రింగులా అన్నది ఇంకా అనుమానంగా ఉంటే, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కిక్కు కొట్టండి. కంప్రెషన్ పెరిగితే లోపం రింగుల వైపు. పెరగకపోతే వాల్వులో, గాస్కెట్టో.

రింగులంటే గుర్తొచ్చింది. మేం రింగుని ముందు ఖాళీ సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి నెట్టి, నోటి సందులో ఫిల్లర్ గేజు పెట్టి కొలిచేవాళ్లం. ఆ బోరుకి సుమారు 0.3 మి.మీ. ఉండాలి. 'టాప్' అని గుర్తున్న వైపు పైకి రావాలి, మూడు రింగుల నోళ్లూ తలోవైపు ఉండాలి. ఇప్పుడు డబ్బాలోంచి తీసిన రింగు తిన్నగా పిస్టన్ మీదికే. కొందరైతే బోరు ఖర్చు మిగులుతుందని, అద్దంలా నునుపెక్కిన పాత సిలిండర్‌లోనే హోనింగ్ గీతలైనా పెట్టించకుండా కొత్త రింగులు వేస్తారు. అవి ఎప్పటికి కూర్చోవాలి?

అన్నీ సరిగ్గా చేసినా కొత్త రింగులు మొదటిరోజే పూర్తి కంప్రెషన్ ఇవ్వవు. కొన్ని వందల కిలోమీటర్లు తిరగాలి. తిరగడమంటే రోడ్డు మీద, పద్ధతిగా కొంచెం లోడిస్తూ. సెంటర్ స్టాండు మీద గంటల తరబడి ఐడిలింగ్‌లో వదిలేస్తే బోరు మెరుగెక్కి, రింగులు కూర్చునే అవకాశమే పోతుంది. ఇది చెబితే "ఆయిల్ ఫుల్లీ సింథటిక్ బాబాయ్, ఏమీ కాదు" అంటారు. ఇప్పటి ఆయిళ్లు మా ఆయిళ్ల కన్నా మేలే, కాదనను. కానీ ఆయిల్ ఎంత ఖరీదైనదైనా నీ బదులు బండి నడుపుతుందా?

ఇంతా చేసి చివరికి పిస్టన్ డూప్లికేట్ అని తీర్మానం. మరక పడ్డ పిస్టన్‌ని గుడ్డతో తుడిచి, చిరిగిన డబ్బాలో పెట్టి, స్పేర్‌పార్ట్స్ కొట్టువాడి దగ్గరికి గొడవకి పోతారు. వాడు తిరిగి తీసుకోడు. ఎందుకు తీసుకుంటాడు?