ఒక మోతగాడి కథ

నేను ఒక టెరాబైట్ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌ని. 2023లో సిద్దిపేట నాగులబండ దగ్గర ఐటీ టవర్ తెరిచాక, అందులోకి వచ్చిన ఒక చిన్న కంపెనీ నన్ను కొన్నది. నా పని మోత. వాళ్ల కస్టమర్ సర్వర్ గదికి ఇంటర్నెట్ లేదు. భద్రత కోసం కావాలనే పెట్టుకోలేదు. లోపల రెడ్‌హ్యాట్ వాళ్ల కుబర్నెటీస్ అయిన ఓపెన్‌షిఫ్ట్ మీద నడిచేవన్నీ కంటైనర్లు. వాటికి కావలసిన ఇమేజ్‌లేమో బయట డాకర్ హబ్, క్వే లాంటి రిజిస్ట్రీల్లో ఉంటాయి. వాటిని లోపలి రిజిస్ట్రీకి చేర్చేది నేనే.

ఇమేజ్ పొరలు పొరలుగా ఉంటుంది. ప్రతి పొరకూ అందులోని బైట్ల నుంచే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో లెక్కగట్టిన 64 అక్షరాల గుర్తు ఉంటుంది. ఒక్క బైటు మారినా గుర్తు మారిపోతుంది. అందుకే ఒకే పొర పది ఇమేజ్‌లలో ఉన్నా ఒక్కసారి మోస్తే చాలు. చాలు గానీ, నాతో మోయించింది అలా కాదు. ఓపెన్‌షిఫ్ట్ విడుదలకు ఒక కమాండ్, ఆపరేటర్లనే యాడ్-ఆన్‌ల కేటలాగ్‌కు ఇంకొకటి, విడి ఇమేజ్‌లకు స్కోపియో, హెల్మ్ చార్టుల్లోంచి ఇమేజ్ పేర్లు ఏరడానికి ఒక షెల్ స్క్రిప్ట్. ఆ స్క్రిప్ట్ రాసిన పిల్లగాడు ఎప్పుడో హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఎవరి ఫోల్డర్ వారిదే కాబట్టి అవే పొరలు నాలుగుచోట్లా పడేవి. ఇంత మోసినా, ఏదో ఒక ఇమేజ్ దొరకలేదని లోపలి నుంచి ఫోన్ రాక తప్పేది కాదు.

“అన్నా, పాడ్ లేస్తలేదు. ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్ అంటుంది.”

“లిస్టుల ఉండెనా తమ్మీ?”

“ఏ లిస్టుల అన్నా? నాలుగున్నయి గదా!”

రెడ్‌హ్యాట్ వాళ్ల ఓసీ-మిర్రర్ టూల్ మావాళ్ల చేతికి వచ్చాక ఆ నాలుగూ ఒక యామల్ ఫైల్‌లోకి చేరాయి. బయట ఆ ఫైల్ చూసి టార్ మూట కట్టి నా మీద రాస్తారు, లోపల అదే ఫైల్ చూసి విప్పుతారు. ఇక ఇమేజ్ కోసం బయటికి పోకుండా లోపలి రిజిస్ట్రీలోనే వెతుక్కోమని క్లస్టర్‌కు చెప్పే సెట్టింగ్ ఫైల్ కూడా ఓసీ-మిర్రరే రాసిస్తుంది. కమాండ్లు తగ్గాయని అందరూ సంబరపడ్డారు గానీ, నన్నడిగితే జాబితా ఒక్కటి కావడమే అసలు మేలు.

ఓసీ-మిర్రర్ మొదటి వెర్షన్‌కు పట్టింపులెక్కువ. రెండో టార్ ఎక్కించకుండా మూడోది ఇస్తే ముట్టేది కాదు. రెండో వెర్షన్‌లో ఆ బెడద పోయింది. అయితే ఇదంతా ఓపెన్‌షిఫ్ట్ ఇంటి వ్యవహారం. మిగతా కుబర్నెటీస్ వాళ్లకు హాలర్, జార్ఫ్ ఉన్నాయి. అన్నీ కలుపుతామనే అంటాయి, ఎవరి కుంపటి వారిదే. 2015లో మొదలైన ఓసీఐ అనే ప్రమాణాల సంఘం పుణ్యమా అని లోపలి ఇమేజ్‌ల తీరు మాత్రం అందరికీ ఒకటే.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి కేటలాగ్ కింద ‘ఫుల్: ట్రూ’ అని పెట్టింది. పాత వెర్షన్లన్నీ వరసకట్టి వచ్చాయి. నాలో చోటు చాలక పని మధ్యలోనే ఆగింది. మర్నాడు కావలసిన ఆపరేటర్ల పేర్లు మాత్రమే రాసి, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకానో హద్దు పెట్టి మళ్లీ నడిపింది. ఈసారి సగం కూడా నిండలేదు.