పెబ్బేరు స్టార్టర్, ఫ్రిస్కో రోబో

అమెరికాకు అమ్మానాన్నలను రప్పించుకున్న తెలుగు కొడుకులు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చే దారిలోనే షరతులు చదివేస్తారు. పోపు పెట్టేటప్పుడు పొగ అలారం మోగితే కంగారు పడొద్దు. తలుపు తీసి బయటికెళ్తే తాళంచెవి జేబులో ఉండాలి. పక్కింటి వాళ్లను జీతం ఎంతని అడగొద్దు. పెబ్బేరు పెద్దాయనకు మాత్రం అదనంగా ఇంకొకటి పడింది: "నాయినా, ఇంట్ల ఒక్క స్విచ్ బోర్డు గూడ ఇప్పొద్దు."

కొడుకు భయానికి కారణం లేకపోలేదు. పెద్దాయన వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాడు. రాజుల గోడల మధ్య మోటార్ల పాఠం విన్నవాడు, బతుకంతా రైతుల బోరు మోటార్లకే అంకితం చేశాడు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, పెబ్బేరులో వైండింగ్ షాపు. శనివారం సంత రోజు ఊపిరాడేది కాదు. ఎడ్లను అమ్మడానికి వచ్చిన రైతు అదే బండిలో కాలిపోయిన మోటారు, తిరగబడ్డ స్టార్టర్ డబ్బా కూడా వేసుకొచ్చేవాడు. ఎద్దు బేరం తెగేలోపు డబ్బా తయారుగా ఉండాలి. అలాంటి మనిషిని డాలస్ పక్కన ఫ్రిస్కోలో, అన్నీ బాగా పనిచేసే ఇంట్లో ఆర్నెల్లు కూర్చోబెడితే ఏమవుతుంది? మంచిగా తిరుగుతున్న ఫ్యాను వంక అనుమానంగా చూస్తూ కూర్చుంటాడు.

ఆయనను ఆ ఫ్యాను నుంచి కాపాడింది మనవరాలు. హైస్కూల్లో రోబోటిక్స్ టీమ్‌లో ఉన్న ఆ పిల్ల, 2025 జనవరి 4న ఆయనను సోఫాలో కూర్చోబెట్టి ఆ ఏడాది ఆట ఏమిటో వీడియోలో చూపించింది. అది కూడా శనివారమే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. డీన్ కేమెన్ అనే అమెరికా ఆవిష్కర్త, తర్వాత రోజుల్లో సెగ్వే బండితో పేరు మోసినవాడు, 1989లో ఫస్ట్ అనే సంస్థ పెట్టాడు. పిల్లలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు కొట్టినట్టు ఇంజనీర్లకూ చప్పట్లు కొట్టాలని ఆయన కోరిక. 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టర్‌లో, ఒక బడి జిమ్‌లో 28 టీమ్‌లతో మొదటి పోటీ జరిగింది. అప్పటి నుంచి దాదాపు ప్రతి జనవరిలో కొత్త ఆట ప్రకటిస్తారు. కొద్ది వారాల్లో పిల్లలు రోబో కట్టాలి. మూడు రోబోలు ఎర్ర జట్టు, మూడు నీలి జట్టు, 2025లో ఆట రెండున్నర నిమిషాలు. ఎప్పటికప్పుడు నియమాలు మారిపోతాయి కాబట్టి నిరుటి రోబో ఈ ఏడు షెడ్డులో పడి ఉంటుంది.

2025 ఆట పేరు రీఫ్‌స్కేప్. సముద్రగర్భంలో పగడపు దిబ్బ, దాని మీద పగడాలు, నాచు. ఇదంతా ఇంగ్లిషులో గంభీరంగా సాగుతుంటే పెద్దాయన వీడియో ఆపించి అడిగాడు: "ఆ తెల్లగ కనిపిస్తున్నయ్, అవేంది?"

"పగడాలు తాతా. కోరల్."

"కోరలా? నాలుగించుల పీవీసీ పైపు ముక్క అది!"

ఆయన అన్నది అక్షరాలా నిజం. నియమావళిలో పగడమంటే సుమారు 12 అంగుళాల పొడవున కోసిన 4 అంగుళాల పీవీసీ పైపు. దాన్ని రోబో పట్టుకెళ్లి ఆరు ముఖాల దిబ్బకున్న కొమ్మలకు తొడగాలి. నాచు అంటే పెద్ద రబ్బరు బంతి. పెబ్బేరులో చేపల కాలేజీ ఉంది, కృష్ణమ్మ దగ్గర్లోనే పారుతుంది, కానీ సముద్రం మాత్రం పెద్దాయనకు అంతగా పరిచయం లేదు. పీవీసీ పైపు తెలుసు. ఆ క్షణం నుంచి ఆయన టీమ్ మనిషి.

గరాజ్‌లో పిల్లలందరూ రోబో చుట్టూ ఉన్నారు. రోబో చుట్టూ చేరడానికి కారణాలు బోలెడు: అది కదులుతుంది, శబ్దం చేస్తుంది, ఫొటోలో బాగుంటుంది. రోబోను నడిపించే సరంజామా మాత్రం ఒక మూల ఇస్త్రీ బల్ల మీద ఉంది. ల్యాప్‌టాప్, దానికి వేలాడే యూఎస్‌బీ హబ్, హబ్‌కు వేలాడే రెండు గేమ్ కంట్రోలర్లు, అన్నింటినీ చుట్టేసిన వైర్లు. పోటీ రోజున ఒక పిల్లవాడు ల్యాప్‌టాప్‌ను తెరిచే ఉంచి రెండు చేతుల మీద మోస్తే, ఇంకొకడు వైర్లు పట్టుకుని వెనకాలే నడుస్తాడట.

"ఇగో, రోబో మీరు చూసుకోండ్రి," అన్నాడు పెద్దాయన. "గీ డబ్బా నాకియ్యుండ్రి."

దాన్ని అక్కడ డ్రైవర్ స్టేషన్ అంటారు. మన దేశంలో దూరదర్శన్ చలవతో కాలేజీ పిల్లలకు పరిచయమైన రోబోకాన్‌లో ఎక్కువమంది చేతిలో ఒక కంట్రోలర్ పట్టుకుని నిలబడితే సరిపోతుంది. ఫస్ట్‌లో అట్లా కుదరదు. మైదానం చివర పారదర్శకమైన గోడ, గోడకు ఒక అల్యూమినియం అర. ఆ అర మీద టీమ్ తన సరంజామా పెట్టుకోవాలి. వెడల్పు 60 అంగుళాలు దాటొద్దు, లోతు 14 అంగుళాలు దాటొద్దు, నేల నుంచి ఎత్తు ఆరున్నర అడుగులు మించొద్దు. అర నడుమ 54 అంగుళాల పొడవున వెల్క్రో పట్టీ ఉంటుంది, సరంజామా దానికి అతుక్కోవాలి. సొంత వైఫై, బ్లూటూత్ పనికిరావు. అంతా తీగతోనే. మైదానం వాళ్ల ఈథర్‌నెట్ తీగ ఒక్కటి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే రోబోతో మాటలు కలుస్తాయి. ఒక ఆట ముగిసి ఇంకొకటి మొదలయ్యే సందులో పాత టీమ్ సర్దుకుని పోవాలి, కొత్త టీమ్ పరుచుకోవాలి. పెళ్లిలో రెండో పంక్తి వాళ్లు విస్తరి దగ్గర నిలబడినప్పటి హడావుడి అది.

ఈ నియమాలన్నీ మనవరాలు చదివి వినిపిస్తే పెద్దాయనకు నచ్చింది ఒక్కటే, తీగ సంగతి. "మంచి మాట. తీగైతే పట్టుకుని చూడొచ్చు."

ఇక తగువు మొదలైంది కొడుకుతో. కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, టీమ్‌కు మెంటర్. టచ్‌స్క్రీన్ పెడదామన్నాడు. తెర మీద దిబ్బ బొమ్మ, ఏ కొమ్మ కావాలో వేలితో ముడితే చాలు, రంగులు కూడా మార్చుకోవచ్చు. పెద్దాయన ఆ బొమ్మను మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, మనవరాలిని గరాజ్ తలుపు వంక చూస్తూనే మూడో కొమ్మ నొక్కమన్నాడు. ఆ పిల్ల నాలుగోది నొక్కింది. మళ్లీ నొక్కమన్నాడు. ఈసారి వాతావరణం చూపించే యాప్ తెరుచుకుంది.

ఈ విషయంలో ఈ వ్యాసం రాస్తున్నవాడు పూర్తిగా పెబ్బేరు పక్షం. రాత్రి రెండింటికి కరెంటొస్తే చీకట్లో, బురదకాళ్లతో, తేలు భయంతో వెళ్లిన రైతు స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ ఏదో, ఎర్ర బటన్ ఏదో చూసి నొక్కడు. తడిమి నొక్కుతాడు. డ్రైవర్ చూపు కూడా రెండున్నర నిమిషాలూ మైదానం మీదే ఉండాలి. పైగా రీఫ్‌స్కేప్‌లో దిబ్బ పై కొమ్మ ఆరడుగుల ఎత్తు. ఎక్కువసార్లు సొంత రోబోనే దాని వెనక దాక్కుంటుంది. ఇంత గందరగోళంలో కింద తెర వంక చూసే తీరిక ఎవరికి?

కాబట్టి బటన్లు. దిబ్బకు ఆరు ముఖాలు, ముఖానికి రెండేసి నిలువు వరసలు, అంటే 12. ఎత్తులు నాలుగు. పన్నెండు బటన్లను వరసగా పెడితే లెక్క పెట్టుకుంటూ కూర్చోవాలి. ఆరు ముఖాల ఆకారంలోనే పలక మీద పేర్చారు. డ్రైవర్ నిలబడ్డ చోటికి దగ్గరగా ఉండే ముఖం పలక మీద కూడా పొట్టకు దగ్గరగా ఉంటుంది. ఎత్తుల బటన్లు ఎడమ చేతికి, ఒకదాని మీద ఒకటి, పైది పై కొమ్మకు. ఆ ఏడాది అమెరికా అంతటా చాలా టీమ్‌లు ఇట్లాంటి ఆరు మూలల పలకలే చేసుకున్నాయని తర్వాత తెలిసింది. అప్పుడు పెద్దాయన కొంచెం చిన్నబోయాడు, ఆనక "అందరికీ బుద్ధి ఒక్కతీరే ఉన్నది" అని సర్దుకున్నాడు.

బటన్ల కింద చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. టంకం పెద్దాయనది, ప్రోగ్రాం మనవరాలిది. ల్యాప్‌టాప్‌కు అది బటన్ల పెట్టె అని తెలియదు, ఇంకో జాయ్‌స్టిక్ తగిలించారనుకుంటుంది. డ్రైవర్ స్టేషన్ సాఫ్ట్‌వేర్ అట్లాంటివి ఆరింటి దాకా ఒప్పుకుంటుంది. అయితే ప్లగ్ ఊడి మళ్లీ తగిలితే ఎవరు ఎక్కడున్నారో దానికి సందేహం రావచ్చు. అప్పుడు ఎఫ్1 కీ నొక్కి హాజరు పిలవాలి. ఊడకుండా ఉంటే ఈ గొడవే లేదు కదా అని పెద్దాయన ప్రతి తీగనూ రెండు చోట్ల కేబుల్ టైతో బిగించాడు. ల్యాప్‌టాప్ ఈథర్‌నెట్ పోర్టు అరగకుండా పలక అంచుకు జానెడు ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టాడు. ఎంత లాగినా పోయేది ఆ జానెడే.

అసలు కథ స్పేస్‌బార్‌ది.

ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు భద్రత విషయంలో చాదస్తులు. రోబోను మేల్కొల్పాలంటే రెండు చదరపు బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్ మూడూ కలిపి నొక్కాలి. పడుకోబెట్టాలంటే ఎంటర్ ఒక్కటి చాలు. స్పేస్‌బార్ నొక్కితే ఎమర్జెన్సీ స్టాప్. అలా ఆగిన రోబోను మళ్లీ కదిలించాలంటే దాని మెదడు పెట్టెను రీబూట్ చేయాల్సిందే. పైగా తెర మీద ఏ కిటికీ తెరిచి ఉన్నా స్పేస్‌బార్ పని స్పేస్‌బార్‌దే. అసలు పోటీలో మైదానం వాళ్ల సాఫ్ట్‌వేర్ ఈ కీలను పట్టించుకోదు, అక్కడ ఆపాలంటే గోడకున్న ఎర్ర బటన్ కొట్టాలి. ప్రాక్టీసులో మాత్రం కీబోర్డుదే రాజ్యం. రోబో పైపు ఎత్తుకుని దిబ్బ వైపు పోతుండగా ఒక కుర్రాడు అదే ల్యాప్‌టాప్‌లో స్నేహితురాలికి మెసేజ్ కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి మాట అయింది, ఖాళీ వచ్చింది, రోబో ఆగింది. రీబూట్ చేశారు. కుర్రాడు రెండో మాట కొట్టాడు.

పెద్దాయన స్పేస్‌బార్‌కు మూత వేస్తానన్నాడు. భద్రత చూసే పిల్ల ఒప్పుకోలేదు, ఆపే బటన్‌ను ఎవరైనా దాస్తారా అంది. న్యాయమే. చివరికి రాజీ కుదిరింది. పలక కుడి మూల పెద్ద ఎర్ర మష్రూమ్ బటన్ పెట్టి, దాన్ని కొడితే ల్యాప్‌టాప్‌కు స్పేస్‌బార్ నొక్కినట్టు వినబడేలా చేశారు. కీబోర్డు మీద మాత్రం పారదర్శకమైన మూత. మెసేజ్‌లు కొట్టే కుర్రాడు ఫోన్ వాడుకోవడం నేర్చుకున్నాడు.

ఆట మొదటి 15 సెకన్లు రోబో తనంతట తానే నడవాలి, డ్రైవర్లు గీత వెనక నిలబడాలి, పలక ముట్టొద్దు అని విన్నప్పుడు పెద్దాయన ముఖం మాడిపోయింది. "ఆటో స్టార్టరా?" అన్నాడు. ఆ మాటకు తెలంగాణలో చరిత్ర ఉంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరిగేలా రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవారు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, అవసరం లేకున్నా నీళ్లు తోడేస్తున్నాయని ప్రభుత్వం వాటిని పీకెయ్యమని ఊరూరా చెప్పించింది. పెద్దాయన ఎన్నో డబ్బాల్లో వాటిని తన చేతులతో పెట్టాడు, అవే చేతులతో పీకాడు. ఇప్పుడు అమెరికాలో మళ్లీ పెట్టమంటున్నారు, పైగా మార్కులిస్తామంటున్నారు.

ఆయనను ఓదార్చింది వోల్టేజ్ గీత. డ్రైవర్ స్టేషన్ ఆట పొడవునా రోబో బ్యాటరీ వోల్టేజ్‌ను రికార్డు చేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ, మోటార్లన్నీ ఒక్కసారి గుంజితే ఏడు వోల్టుల దరిదాపులకు పడిపోతుంది, అప్పుడు రోబో తనను తాను కాపాడుకోవడానికి మోటార్లకు కరెంటు ఆపేస్తుంది. ఆ గీత చూసి పెద్దాయన కళ్లు మెరిశాయి. "లో వోల్టేజ్!" అన్నాడు, పాత చుట్టం ఎదురైనంత సంతోషంగా. బ్యాటరీ కనెక్షన్ల నట్లు తనే మళ్లీ బిగించాడు.

పోటీ రోజున తనిఖీ చేసే వాలంటీరు టేపు పెట్టి కొలిచాడు. లోతు పదమూడు చిల్లర అంగుళాలు. అటూ ఇటూ రెండు పిడులు, అడుగున వెల్క్రో, పక్కన కంట్రోలర్లకు గూళ్లు. ఒక్క మనిషి మోసుకుపోవచ్చు. వాలంటీరు మష్రూమ్ బటన్ వంక చూసి ఇదెందుకని అడిగితే, మనవరాలు స్నేహితురాలి మెసేజ్ సంగతి తప్ప మిగతాదంతా చెప్పింది. పెద్దాయనను డ్రైవర్ల వెనక కోచ్‌గా నిలబెడదామని పిల్లలు సరదా పడ్డారు. కోచ్ రోబోను నడపగూడదు, నోటితో చెప్పడమే అని తెలియగానే ఆయన వద్దన్నాడు. నోటితో చెప్పడానికి కొడుకున్నాడు, చేతులు కట్టేసుకుని నిలబడడం తన వల్ల కాదన్నాడు.

ఆ టీమ్ ఆ రోజు కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. హ్యూస్టన్ ఛాంపియన్‌షిప్ దాకా పోలేదు. ఓడిన వాటిలో ఒక్కటీ పలక వల్ల కాదని మాత్రం పెద్దాయన పెబ్బేరు తిరిగొచ్చాక ఇరుగుపొరుగులందరికీ చెప్పాడు. గొలుసు తెగింది ఒకసారి, ఎదుటి రోబో గుద్దింది ఇంకోసారి. రోబో విషయాలు రోబో వాళ్లను అడగండని ఆయన వాదన.

ఏటా ఆట మారుతుందని ముందే విన్నాడు కాబట్టి, బటన్లున్న ముక్కను ఆయన పలకకు శాశ్వతంగా అతికించలేదు. నాలుగు స్క్రూలతో బిగించాడు. కొత్త ఆట వస్తే ఆ ముక్క ఊడదీసి వేరే ముక్క బిగిస్తే సరి, మిగతా తీగలన్నీ అట్లాగే ఉంటాయి. మరుసటి జనవరిలో, పెబ్బేరులో రాత్రి పొద్దుపోయాక వాట్సాప్ వీడియో మోగింది. అవతల గరాజ్, పిల్లల అరుపులు, మనవరాలి చేతిలో డ్రిల్లు.

"తాతా, ఈసారి ఎన్ని రంధ్రాలు?"

"డ్రిల్లు కింద పెట్టు బిడ్డా," అన్నాడు పెద్దాయన, మంచం మీద లేచి కూర్చుంటూ. "ముందు ఆటేందో చెప్పు."