ఎంతలో ఉన్నాం?

రోజూ పొద్దున పది గంటలకి మా పెద్దసారు గల్లా దగ్గర కూర్చుని, లక్ష్మీదేవి పటానికి దండం పెట్టుకుని, నావైపు తిరిగి అడిగే మాట ఒక్కటే: "ఏమోయ్, ఎంతలో ఉన్నాం?"

విజయవాడలో మాది పైపులు, మోటార్ల హోల్‌సేల్ వ్యాపారం. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను గనక ఆ ప్రశ్న లోతు నాకు తెలుసు. 'ఎంతలో' అని సాగదీస్తే బ్యాంకులో ఎంతుందని. టక్కున తుంచేస్తే నిన్నటి అమ్మకం. కళ్ళజోడు తీసి అడిగితే డీలర్ల బాకీలు. కళ్ళజోడు తీసి, చిన్నసారు కుర్చీ వైపు చూస్తూ అడిగితే ఖర్చులు.

చిన్నసారు ఎంబీయే. హైదరాబాదులో స్నేహితుడి పెళ్ళికెళ్ళి వచ్చి, ఓ ఉదయం ప్రకటించారు.

"నాన్నగారూ, వాడు పీటల మీద కూర్చునే ఫోన్‌లో కంపెనీ అమ్మకాలు చూసుకున్నాడు. మనకీ బీఐ కావాలి."

"బీఏ ఎందుకురా, ఎంబీయే చేశావుగా?"

"బీఏ కాదు, బీఐ. బిజినెస్ ఇంటెలిజెన్స్."

పెద్దసారు కాసేపు ఆలోచించి, "అది లేదనా ఇన్నాళ్ళూ?" అన్నారు. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. సాఫ్ట్‌వేరు వెతికే పని మాత్రం నా మీద పడింది. ఆఫీసులో ఎక్సెల్ వీలుకప్ ఫార్ములా వచ్చిన ఏకైక ప్రాణిని నేనే మరి.

ముందు బిజినెస్ ఇంటెలిజెన్స్ అన్న పేరు పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ అనే ఆయన 1958లో ఈ మాటని శీర్షికలో పెట్టి ఓ వ్యాసం రాశాడు. అంతకన్నా ముందు, 1865లోనే రిచర్డ్ మిల్లర్ డేవెన్స్ తన వ్యాపార కథల సంకలనంలో ఈ మాట వాడాడు. అందులో హెన్రీ ఫర్నీస్ అనే లండన్ బ్యాంకరు యూరప్‌లో యుద్ధాల వార్తలు అందరికన్నా ముందే తెప్పించుకుని లాభపడ్డాడట. అది చదివి నవ్వొచ్చింది. మా షాపు ఎదురుగా టీ బండి ఉంది. ఏ డీలరు గోడౌన్లో ఎవరి లోడు దిగిందో, ఎవరి చెక్కు వెనక్కొచ్చిందో లారీ డ్రైవర్ల నోట అక్కడే తేలిపోతుంది. పెద్దసారు రోజుకి నాలుగు టీలు ఊరికే తాగుతున్నారా?

సరే, డెమోలు మొదలయ్యాయి. మొదటి కుర్రాడు టై కట్టుకొచ్చి, గోడమీద బొమ్మ వేసి, రంగురంగుల స్తంభాలు లేపాడు. పెద్దసారు ముచ్చటపడ్డారు.

"ఎవరిదండీ ఈ సైకిళ్ళ కంపెనీ? బ్రహ్మాండంగా నడుస్తోందే!"

అది అసలు లేని కంపెనీ. నమూనా లెక్కల కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ళు సృష్టించిన 'అడ్వెంచర్ వర్క్స్'. టాబ్లో అనే సాఫ్ట్‌వేరు వాళ్ళదైతే 'సూపర్‌స్టోర్', అందులో కుర్చీలూ ఫైళ్ళూ అమ్ముతుంటారు. లేని కంపెనీకి బాకీలుండవు, చెల్లని చెక్కులుండవు, బిల్లు రేపు రాయమనే బావమరుదులుండరు. గ్రాఫు అందంగా రాక ఏం చేస్తుంది?

తర్వాత మోటారు సైకిలు మీటరులాంటి బొమ్మ వచ్చింది. సూది ఎర్రగీత దగ్గర ఆడుతోంది. పెద్దసారు ఉలిక్కిపడి, "రిజర్వులో పడ్డామా?" అన్నారు. దాని కింద '12.4ఎం' అని ఉంది. మేం హెచ్‌డీపీఈ పైపు మీటర్ల లెక్కన అమ్ముతాం. పన్నెండున్నర మీటర్లు కూడా అమ్మలేదా అని ఆయన మొహం వాడిపోయింది. ఎం అంటే మిలియన్ అనీ, కోటీ ఇరవైనాలుగు లక్షలనీ నేను చెవిలో చెప్పాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. మొదటి క్వార్టరు జనవరిలో ఎందుకు మొదలైందో చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది. సంక్రాంతికి కొత్త పద్దు తెరిచే షావుకారు ఎవరున్నారు, మనకి ఏప్రిల్ 1 కదా!

ఇక ధరలు. స్వీడన్లో 1993లో పుట్టిన క్లిక్, చెన్నై నుంచి జోహో అనలిటిక్స్, 2015లో బజారుకొచ్చిన పవర్ బీఐ, అన్నీ బల్లమీద పరిచాను. టాబ్లో కంపెనీని సేల్స్‌ఫోర్స్ అనే ఇంకో కంపెనీ 2019లో 1,570 కోట్ల డాలర్లకి కొన్నదని చెప్పగానే పెద్దసారు ఆ కాగితం పక్కన పెట్టేశారు. "అంత పోసి కొన్నవాడు మనకి తగ్గించి ఇస్తాడుటోయ్?"

పవర్ బీఐలో రిపోర్టు తయారుచేసుకోవడం ఉచితం, నలుగురికీ పంచాలంటే మామూలుగా తలకింతని నెలనెలా కట్టాలి. ఇది ఆయనకి మింగుడుపడలేదు.

"మన లెక్కలు మనం చూసుకోవడానికి టిక్కెట్టా? ఒకడు చూసి మిగతా పదమూడు మందికీ చెబితే సరిపోదూ?"

మెటాబేస్ లాంటివి ఉచితమే. కానీ సర్వరు పెట్టి, దాన్ని కాచుకునే మనిషిని మనమే వెతుక్కోవాలి. ఆవు ఊరికే వస్తుంది, గడ్డీ పాలేరూ మనవి.

చివరికి ఓ కంపెనీకి మా సొంత లెక్కలే ఇచ్చి, నెలరోజులు ఆడించి చూపించమన్నాం. ట్యాలీలోంచి అన్నీ లాగి ఎక్కించారు. మొదటి తెరమీదే కంప్యూటరు తనంతట తాను ఓ సలహా రాసింది: మీ అమ్మకాల్లో పెద్ద వాటా క్యాష్ అనే కస్టమరుది, ఆయనతో సంబంధాలు పదిలంగా చూసుకోండి.

"చూసుకుంటూనే ఉన్నాం బాబూ, ఆయనే నిలవడు" అన్నారు మా గుమాస్తాగారు.

మాకు నిజంగా పెద్ద కస్టమరు గుడివాడలో వెంకటేశ్వరస్వామి పేరుతో ఉన్న షాపు. మొదటి పదిమందిలో ఆ పేరే లేదు. వెతగ్గా వెతగ్గా, స్వామివారు ఇంగ్లీషులో ఏడు స్పెల్లింగుల్లో, ఏడుగురు చిన్న డీలర్లుగా కొలువై ఉన్నారు. 'శ్రీ' ఒక్కదాన్నే నాలుగు రకాలుగా కొట్టారు మావాళ్ళు. అందులో రెండు రకాలు నావే, ఒప్పుకుంటున్నాను. ఏడుకొండల్నీ ఒకచోట చేర్చడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

మ్యాపు ఇంకో ముచ్చట. మా హైదరాబాదు అమ్మకాలన్నీ పాకిస్తాన్‌లో సింధు రాష్ట్రం మీద పెద్ద నీలం చుక్కగా వెలిశాయి. అక్కడా ఓ హైదరాబాదు ఉందిగా! పెద్దసారు ఆ చుక్కని తేరిపార చూసి, "అమ్మితే అమ్మాం, అక్కడికెళ్ళి వసూలు చేసేదెవరోయ్?" అన్నారు.

ఇన్ని చూశాక నిర్ణయం కోసం నేను ఎక్సెల్‌లో ఓ పట్టిక వేశాను. అయిదు సాఫ్ట్‌వేర్లు, 31 అంశాలు. ఏ అంశానికి ఎంత ప్రాధాన్యం అన్నది చిన్నసారుకి నచ్చినది గెలిచేదాకా సవరిస్తూ పోయాను. దాన్నే శాస్త్రీయ పద్ధతి అంటారు. గుమాస్తాగారు మాత్రం ప్రతి డెమోలోనూ ఒకటే అడిగారు: "ఇదంతా మళ్ళీ ఎక్సెల్‌లోకి వస్తుందా?" వస్తుందంటే చాలు, ఆయన నిద్రపోయేవారు.

ఏది కొన్నామో చెప్పను. తర్వాత జరిగినదాంట్లో దాని తప్పేం లేదు.

తెర సిద్ధమైంది. అమ్మకాలు, బాకీలు, సరుకు, ఖర్చులు. ఖర్చులు గుండ్రటి బొమ్మగా వచ్చాయి, పుచ్చకాయ ముక్కలు కోసినట్టు. జీతాలు, కరెంటు, లారీ కిరాయిలు. వాటి మధ్య 'ఇతరములు' అని నారింజరంగు ముక్క ఒకటి, ఉండాల్సినదానికన్నా కాస్త లావుగా.

"నాన్నగారూ, దీంట్లో గొప్పతనం ఏంటంటే, దేన్నైనా నొక్కితే లోపలున్నదంతా విడివిడిగా వచ్చేస్తుంది" అన్నారు చిన్నసారు ఉత్సాహంగా.

పెద్దసారు వేలు చాచి నారింజ ముక్కని నొక్కారు.

విడివిడిగా వచ్చేసింది. కారు పెట్రోలు. హైదరాబాదు హోటలు, మూడు రాత్రులు. మళ్ళీ హోటలు. జిమ్ము, ఏడాది చందా. స్నేహితుడి పెళ్ళికి కానుక, 'వ్యాపార ప్రచారం' పద్దు కింద.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. గుమాస్తాగారు నిద్రలేచారు. పెద్దసారు కళ్ళజోడు తీసి, నెమ్మదిగా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "బాగుందోయ్. మంచిదే కొన్నారు" అన్నారు.

అప్పట్నించీ పొద్దున పదింటికి నన్ను అడగడం మానేశారు. దండం పెట్టుకోవడం, నారింజ ముక్క నొక్కడం. మిగతా తెర ఇంతవరకూ ఆయన తాకలేదు.

మొన్న చిన్నసారు నన్ను టీ బండి దగ్గరికి పిలిచారు. డబ్బులు ఆయనే ఇచ్చారు, సొంత జేబులోంచి. ఈ సాఫ్ట్‌వేరు మన సైజుకి సరిపోవడం లేదనీ, ఇంకోటి చూడమనీ చెప్పారు. పాత పట్టిక తెరిచి, 32వ అంశం రాసుకున్నాను: నొక్కితే విడిపోకూడదు. ప్రాధాన్యం, నూటికి తొంభై.