సభలో పుట్టాను, మంథనిలో ఉన్నాను

నా అట్ట మీది అక్షరాలు ఇప్పుడు సగమే కనబడతాయి. "ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చలు, అధికార నివేదిక, 1972" అని ఒకప్పుడు నిండుగా ఉండేది. మంథనిలో గోదావరికి పోయే దారిలో ఒక పెంకుటింట్లో, రిటైరైన తెలుగు పంతులుగారి ఇనుప బీరువాలో నా కాపురం. నా పైన పాత పంచాంగాలు, కింద పట్టాదారు పాసు పుస్తకాల జిరాక్సులు.

నన్ను ఒక్కరు కూర్చుని రాయలేదు. ఆనాటి సభలో 287 స్థానాలు. లేచి మాట్లాడిన ప్రతివారూ నాకు రచయితే. హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో టౌన్‌హాలుగా కట్టిన తెల్లటి భవనం ఉంది. 1913లో పూర్తయింది. అందులో స్పీకర్ కుర్చీ ముందు బల్ల దగ్గర నేను పుట్టాను. అక్కడ రిపోర్టర్లు కూర్చునేవారు. కొద్ది నిమిషాలు రాసుకోగానే ఒకరు లేచి వెళ్లడం, ఆ చోట్లో ఇంకొకరు కూర్చోవడం. లేచి వెళ్లినవారు లోపలి గదిలో తమ పొట్టిరాతను విప్పి పూర్తి వాక్యాలుగా టైపు చేయించేవారు. ఆ కాగితాలు సభ్యులకు వెళ్లేవి. తప్పు దిద్దుకోవచ్చు గాని, చెప్పిన మాటకు అర్థం మార్చే వీలు లేదు. అలా వచ్చిన ముక్కలన్నీ ఒక వరుసన కుదిరి అచ్చుకెళితే నేనయ్యాను.

నాలో మూడు భాషలున్నాయి. ఎవరు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే అచ్చు. తెలుగులో ప్రశ్న, ఇంగ్లిషులో జవాబు, మధ్యలో లేచిన పాతబస్తీ సభ్యుడిది ఉర్దూ. కుండలీకరణాల్లో చిన్న అక్షరాలతో "అంతరాయం" అని పడిందంటే ఆ క్షణాన పది మంది ఒక్కసారే లేచి అరిచారన్నమాట.

నా గుండెకాయ భూసంస్కరణల చర్చ. 1957 నుంచి మంథని వరసగా నాలుగుసార్లు గెలిపించి పంపిన పి.వి. నరసింహారావు 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన తన ఊరు వంగరలో వందల ఎకరాల ఆసామి. ఆయన ప్రభుత్వమే భూమికి గరిష్ఠ పరిమితి బిల్లు తెచ్చింది. ఐదుగురున్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అదే తరవాత 1973 నాటి ఒకటో చట్టమైంది. దాన్ని గెజిట్‌లో చదివితే సెక్షన్లు, ఉపసెక్షన్లు మాత్రమే కనిపిస్తాయి. తోటలకు మినహాయింపు ఎవరడిగారు, మేజరైన కొడుకుల వాటా గురించి ఎవరు పట్టుబట్టారు, కౌలుదారు మాట ఎత్తినవారెవరు, ఎత్తకుండా కూర్చున్నవారెవరు అనేవి చర్చల పుస్తకాల్లోనే ఉంటాయి. చట్టం ఫలితం చెబుతుంది. ఆ ఫలితం దాకా నడిచిన దారి తెలియాలంటే నా దగ్గరికే రావాలి.

నాలాంటి పుస్తకాల్లో కొన్నిచోట్ల వాక్యం మధ్యలో నక్షత్రపు గుర్తుల వరస కనబడుతుంది. అక్కడున్న మాటను స్పీకర్ రికార్డు నుంచి తొలగించారని అర్థం. లోక్‌సభలో దానికి 380వ నిబంధన ఉంది. పరువునష్టం కలిగించేదనో, అసభ్యమైనదనో, సభామర్యాదకు తగనిదనో స్పీకర్ భావిస్తే ఆ పదం పోతుంది. పోయినచోట నక్షత్రపు గుర్తులు పెట్టి, అధ్యక్షస్థానం ఆదేశం మేరకు తొలగించామని అడుగున రాయాలని 381వ నిబంధన చెబుతుంది. ఈ రెండోది నాకు మొదటిదానికన్నా ముఖ్యం. మాట తీసేసినా, తీసేసిన సంగతిని దాచకూడదు.

మాట తొలగించే ఆ అధికారం మంథని మనిషి చేతిలోనూ ఉండింది. ఇక్కడి నుంచి గెలిచిన దుద్దిళ్ల శ్రీపాదరావు 1991లో శాసనసభ స్పీకర్ అయ్యారు. 1999లో నక్సలైట్ల తూటాలకు బలయ్యారు. ఆయన కుమారుడు శ్రీధర్‌బాబు 2023 డిసెంబరు నుంచి తెలంగాణ శాసనసభా వ్యవహారాల మంత్రి. సభను నడిపించిన ముఖ్యమంత్రి, సభను ఏలిన స్పీకర్, సభ పని చూసే మంత్రి, ముగ్గురూ ఒక్క నియోజకవర్గం నుంచే వచ్చారు. సభలో ఏం జరిగిందో అడిగి తెలుసుకునే హక్కు అందరికీ సమానమే. అయినా మంథనికి ఆ అలవాటు మరింత ఉండాలని నా కోరిక.

ఈ ఊరికి మాటను కాపాడడం కొత్త కాదు. తరతరాలుగా వేదపండితుల ఊరు. ఇక్కడి ఘనపాఠిగారు ఒక పదాన్ని ముందుకు చెప్పి, వెనక్కి చెప్పి, పక్క పదంతో కలిపి మళ్లీ చెబుతారు. అక్షరం జారితే ఆ అల్లికలో అక్కడే దొరికిపోతుంది. రిపోర్టర్ల బల్ల దగ్గర జరిగిందీ ఆ జాతి పనే.

హైదరాబాదు నుంచి నేనెలా వచ్చానో క్లుప్తంగా చెబుతాను. ఒక కార్యాలయం వాళ్లు చోటు చాలక పాత పుస్తకాలను తూకానికి వేశారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పంతులుగారు నన్ను చూశారు. లోపలి పేజీలో "మంథని" కనబడగానే కొన్నారు.

చాలా ఏళ్లు నన్ను తెరిచినవారు లేరు. ఇప్పుడు రోజూ తెరుస్తున్నది పంతులుగారి మనవరాలు. లా చదువుతోంది. మొదటి రోజు అడిగింది: "తాతా, గిండ్ల మన మంథని ముచ్చట యాడున్నదో ఎట్ల దొరకవట్టాలె?"

"ముందుగాల విషయసూచిక జూడు బిడ్డా. పేరు దొరకంగనే ఆగకు. దాని ముందు పేజీ సదువు, ఎనుక పేజీ సదువు. ఎవలడిగితె ఆయన గట్ల జవాబిచ్చిండో తెల్వాలె గద."

నాలాంటి సంపుటాలు ఇప్పుడు కంప్యూటర్‌లోనూ ఉన్నాయి. 1952 నాటి తొలి లోక్‌సభ నుంచి చర్చలన్నీ పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. జపాన్ తన పార్లమెంటు చర్చలను, 1947 నాటివి మొదలు, పదం కొట్టి వెతుక్కునేలా ప్రజల ముందు పెట్టింది. బ్రిటన్‌లో 2004లో మొదలైన ఒక సేవలో పేరు నమోదు చేసుకుంటే, మీ ఎంపీ సభలో మాట్లాడినప్పుడల్లా మీకు మెయిల్ వస్తుంది.

తెలుగుకు ఆ సుఖం ఇంకా పూర్తిగా అందలేదు. పాత అచ్చును స్కాన్ చేస్తే అది బొమ్మే గాని అక్షరం కాదు. బొమ్మ నుంచి అక్షరాన్ని గుర్తుపట్టే యంత్రానికి నా వత్తులు అరిగిపోయి కనిపిస్తాయి. "ప" చూసి "వ" అంటుంది, "థ" చూసి "ధ" అంటుంది. మా ఊరి పేరే తీసుకోండి. మంథని, మంధని, మంథెని, మంథెన. నాలుగూ కొట్టి చూడాలి. పి.వి. పేరు ఒకచోట నరసింహారావు, ఒకచోట నర్సింహారావు, ముఖ్యమంత్రి హోదాలో మాట్లాడినచోట పదవే ముందు వస్తుంది. అమ్మాయి నోటుపుస్తకంలో ఎడమవైపు జనం వాడే మాట, కుడివైపు సభలో వాడే మాట రాసుకుంది. రైతు "మునక" అంటాడు. మంత్రి జవాబులో అది "ముంపు", అధికారి రాసిచ్చిన కాగితంలో "బ్యాక్ వాటర్ ప్రభావిత ప్రాంతం". ఎడమవైపు మాటతో వెతికితే ఏమీ రాదు.

వెతకడం ఎందుకంటారా? 2014 ఫిబ్రవరి 18 గుర్తు చేసుకోండి. లోక్‌సభలో తెలంగాణ బిల్లుపై ఓటింగు జరుగుతుండగా టీవీ ప్రసారం ఆగిపోయింది. ఈ వీధిలో జనం నల్లటి తెర ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. లోపల రిపోర్టర్ల చెయ్యి మాత్రం ఆగలేదు. రెండు రోజులకు, ఫిబ్రవరి 20న, రాజ్యసభలో ప్రధాని మన్మోహన్‌సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. ఆ మాట పునర్విభజన చట్టంలోకి రాలేదు. అటు ఆంధ్రాలో పదేళ్లకు పైగా నడిచిన పోరాటానికి ఆధారం ఆనాటి రాజ్యసభ చర్చల పుటలే.

అన్నీ మాలో ఉంటాయని మాత్రం అనుకోవద్దు. 1993 జులైలో, పి.వి. ప్రధానిగా ఉండగా, ఆయన ప్రభుత్వంపై లోక్‌సభలో అవిశ్వాసం 251కి 265 ఓట్లతో వీగిపోయింది. ఆ లెక్క రికార్డులో ఉంది. ఓటు వెనక డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ రికార్డులోకి ఎలా వస్తుంది? అది కోర్టులకెక్కింది. పి.వి. 2002లో ఢిల్లీ హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. లంచం తీసుకుని సభలో ఓటేసినవారికి 105వ అధికరణం రక్షణ ఉందన్న 1998 నాటి తీర్పును సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం 2024 మార్చి 4న కొట్టేసింది. సభలో నిర్భయంగా మాట్లాడడానికి ఇచ్చిన రక్షణ ఆ మాటను అమ్ముకోవడానికి కాదని తేల్చడానికి 26 ఏళ్లు పట్టింది. ఆ తీర్పును అమ్మాయి ప్రింటు తీసి నా మధ్యలో పెట్టింది.

మొన్న ఒక రైతు వచ్చాడు. గోదావరి మీది సుందిళ్ల బ్యారేజీ వెనక నీళ్లు ఎగదన్ని మునిగిన పొలం ఆయనది. 2022 జులై వరదలో ఊరూ మునిగింది, చేనూ మునిగింది. అరుగు మీద కూర్చుని అన్నాడు: "సారూ, పరిహారమిస్తమని సభల జెప్పిండ్రని అందరంటున్నరు. ఏ తారీఖున జెప్పిండ్రో నాకు కాయితం మీద గావాలె."

అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. మునక, ముంపు, బ్యాక్ వాటర్, నష్టపరిహారం, భూసేకరణ. ఒక్కొక్కటే కొట్టింది. చీకటి పడ్డాక ఒక సభ్యుడి ప్రశ్న దొరికింది. జవాబు చూసి రైతు మొహం వాడిపోయింది. "పరిశీలనలో ఉన్నది" అని మాత్రమే ఉంది.

"గిదేం జవాబు బిడ్డా? ఇస్తమన్లే, ఇయ్యమన్లే."

పంతులుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "అట్ల దీసెయ్యకు తమ్మీ. లోక్‌సభల 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ అనొకటున్నది. ఏ మాటలంటె హామీ కింద లెక్కనో దానికి ఒక పట్టీ ఉన్నది. 'పరిశీలనల ఉన్నది' అనేది గా పట్టీల ఉన్నదే. అక్కడ మూడు నెలలల్ల నెరవేర్చాలె. మన శాసనసభకు గూడ హామీల కమిటీ ఉన్నది."

అమ్మాయి ప్రశ్న సంఖ్య, సమావేశం, తేదీ, పేజీ విడివిడిగా రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: ఈ జవాబును హామీగా పరిగణించి, ఏ దశలో ఉందో కమిటీ ద్వారా తెలపాలని కోరుతున్నాం. రైతు తన సంతకం పెట్టి, పొలం పక్క పొలం వాళ్ల సంతకాలకు చోటు వదిలిపెట్టమన్నాడు. ఆయన వెళ్లాక అమ్మాయి మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న తరవాతి సమావేశంలో ఎవరైనా మళ్లీ అడిగారా, అడిగితే జవాబు మారిందా అని ఇప్పుడు చూస్తోంది.