చుట్టాలు కావాలి, భోజనం పెట్టను

ఉప్పలపాడు చూసొచ్చినవాడికి సొంత ఇల్లు బోసిగా కనపడుతుందండీ. గుంటూరు పక్కనే, ఊరి చెరువులోని చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు! నాకూ ఆశ పుట్టింది.

వెంటనే ఓ గూటిపెట్టె చేయించి, నీలం రంగు వేయించి గోడకు బిగించాను. వచ్చేపోయే వాళ్లందరికీ చూపించాను. పిచ్చుకకు తప్ప అందరికీ నచ్చింది. అదేమో మా ఆవిడ సంక్రాంతికి వసారాలో కట్టిన వరికుచ్చు మీద వేలాడి గింజలు తిని, కరెంటు మీటరు వెనక కాపురం పెట్టింది.

తర్వాత మిరప. కుండీల్లో కాయలు పండగానే చిలకలు దిగాయి. గుంటూరు కారం, కొరికితే తెలుస్తుందిలే అని కుర్చీ వేసుక్కూర్చున్నా. తీరిగ్గా తిని పోయాయి.

"పక్షులకు ఆ మంట తెలీదు నాన్నా" అంది మా అమ్మాయి. "చాలా పిట్టలు గింజల్ని పాడుచెయ్యకుండా ఊరంతా చల్లుతాయి. గింజలు నమిలేసే జంతువుల కోసమే ఆ కారం." జంతువులు అన్నప్పుడు నా వంకే చూసింది.

అసలు పరువు పోయింది కరివేపాకు దగ్గర. లేతాకుల మీద పిట్టరెట్టల్లాంటివి కనపడ్డాయి. చూస్తుండగా కదిలాయి. పురుగు! పత్తీ మిరపా పండించి బతికిన వంశం మాది. పురుగు కంటపడితే చెయ్యి మందు పంపు మీదికి దానంతటదే పోతుంది. పోయింది.

"ఆగండి. సీతాకోకచిలకలు కావాలన్నారుగా?" అంది మా ఆవిడ.

"అన్నాను."

"ఇవే."

వంగి చూశా. ఎదిగినవి పచ్చగా ఉండి ఆకుని అంచు నుంచి కొరుక్కుంటూ వస్తున్నాయి. పుల్లతో కదిపితే ఒకటి తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తీసింది. గుప్పున వాసన. నేనే వెనక్కి తగ్గా. రేపు నల్ల రెక్కల మీద పసుపు మచ్చలేసుకుని ఎగిరేది ఇదేనట.

"మరి చారులోకి కరివేపాకో?" అన్నా, ఆఖరి అస్త్రంగా.

"ఉప్పలపాడు వాళ్లు ఊరి చెరువే ఇచ్చేశారు. మీరు రెండు రెమ్మలు ఇవ్వలేరా?"

మీ ఇంట్లోనూ ఇదే బాగోతమని నాకు తెలుసు. అందుకే చెప్తున్నా, పెట్టెలకు డబ్బు తగలెయ్యకండి. మందు పంపు అటకెక్కించండి. గుప్పెడు నూకలు, వెడల్పాటి మూకుడులో నీళ్లు పెట్టండి. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే.